క్లాసంతటికీ ఒకే అవ్వ

మూడో నోటుబుక్కు తెరిచేసరికి పర్వతాలు సారు చేతిలోని ఎర్రపెన్ను ఆగిపోయింది. అదే ఈదమ్మ అవ్వ. అదే గంప. అదే బస్సు. మొదటి పుస్తకంలో చదివినప్పుడు ముచ్చటపడి పక్కన ‘చాలా బాగుంది’ అని రాశాడు. రెండో పుస్తకంలో కనిపించినప్పుడు, వీళ్లిద్దరూ అక్కచెల్లెళ్ల పిల్లలేమో, ఇద్దరికీ ఆమే అవ్వ కావచ్చు అని సర్దిచెప్పుకున్నాడు. మూడోది నిఖిల్‌ది. నిఖిల్ వాళ్లది కూరగాయల తోటలు చేసే ఇల్లు. చేపల గంప ఎత్తుకున్న మనిషి వాళ్ల వంశంలో ఎవరూ లేరు.

బస్తాలో పైన, నడుమ, అడుగున చెయ్యి పెట్టి చూసే బియ్యం వ్యాపారిలాగా అతను కట్ట అడుగునుంచి ఒక పుస్తకం లాగాడు. ఈదమ్మ. నడుమనుంచి ఇంకొకటి లాగాడు. ఈదమ్మే. ఎనిమిదో తరగతి బి సెక్షన్ మొత్తం ఒకే మిల్లు బియ్యం, సంచులే వేరు.

ఇంటిపని చిన్నదే. ‘మీ ఇంట్లో పెద్దవాళ్లు వాళ్ల చిన్నతనంలో ఊరు దాటి ఎట్లా పోయేవాళ్లో అడిగి రాయండి.’ గైడులో దొరకని ప్రశ్న కదా, చచ్చినట్టు ఇంట్లో అడుగుతారు అనుకున్నాడు. పిల్లలు అంతకంటే తెలివైన బేరం చూసుకున్నారు. ఇంట్లో అడగడం కంటే బిందును అడగడం సులువు. శామీర్‌పేట చెరువు పక్కన రోడ్డు మీద చేపలమ్మే ఈదమ్మ మనవరాలు బిందు. ఇంటిపని ఒక్కరోజు కూడా ఎగ్గొట్టని పిల్ల ఆ క్లాసులో ఆమె ఒక్కతే.

ఇంకొక రోజైతే పర్వతాలు నవ్వుకుని ఊరుకునేవాడు. ఈ రోజు ఆ పుస్తకాల మీదే అతని కొలువు ఎక్కడో తేలాలి.

నిన్న సాయంత్రం హెడ్‌మాస్టర్ మాధవీలత మేడం ఇద్దరు సోషల్ టీచర్లనూ పిలిచి విషయం దాచకుండా చెప్పింది. సూరారం వైపు ఒక హైస్కూల్లో సోషల్ చెప్పే మనిషి లేడు. ఈ బడిలో ఇద్దరున్నారు. పని సర్దుబాటు కింద ఒకరు అక్కడికి పోవాలి, పేరు ఈ రోజు సాయంత్రంలోగా పంపాలి, రేపటినుంచే అక్కడ చేరాలి. సీనియారిటీ, సిఫారసు అవేవీ చూడనని, ఇద్దరి క్లాసుల్లోనూ కూర్చుని, పిల్లల నోటుబుక్కులు చూసి, ఎవరి క్లాసులో పని బాగా నడుస్తుందో వాళ్లను ఇక్కడే ఉంచుకుంటానని చెప్పింది. తూకం సరైనదే, అందులో అనడానికేమీ లేదు.

పర్వతాలుకు ఇక్కడినుంచి కదలడం ఇష్టం లేదు. దూరం లెక్క చూస్తే గుండ్లపోచంపల్లిలోని అతని ఇంటికి సూరారమే దగ్గర. కానీ కుదురుకున్న దుకాణాన్ని దూరం చూసి ఎవరూ మార్చరు. ఈ పిల్లల తండ్రుల్లో సగం మందికి పాఠం చెప్పింది అతనే. ఏ ఇంట్లో ఏ కూర వండుతారో, ఏ పిల్లాడు కడుపునొప్పి అంటే నిజమో, ఏ పిల్లాడు అంటే అబద్ధమో తెలుసుకోవడానికి ఒక జీవితం పట్టింది. ఆ ఎరుకంతా మూటగట్టి సూరారం తీసుకుపోతే అక్కడ చెల్లదు.

మనిషి పొట్టి. పొట్ట కొంచెం ముందుకు వచ్చి, బెల్టు దాని కింద తలదాచుకుంటుంది. నూనె రాసి వెనక్కి దువ్విన జుట్టు, మెడలో తాడుకు వేలాడే కళ్లజోడు, జేబులో ఒక నీలం పెన్ను, ఒక ఎర్ర పెన్ను. కుడిచేతి బొటనవేలి గీతల్లో చాక్‌పీసు సున్నం ఎంత కడిగినా పోదు. మేడ్చల్‌లో తండ్రి కిరాణా కొట్టు నడిపేవాడు. పెద్దకొడుకు మహేష్ తక్కెడ ముందు కూర్చున్నాడు, చిన్నకొడుకు పర్వతాలు బ్లాక్‌బోర్డు ముందు నిలబడ్డాడు. తండ్రికి అది నష్టంగానే తోచింది. అయినా కొట్టులో నేర్చిన ఒక అలవాటు కొడుకు బడిదాకా తెచ్చుకున్నాడు. సరుకు తూచాక గుప్పెడు కొసరు వేసినట్టు, పాఠం అయ్యాక పుస్తకంలో లేని ముచ్చట ఒకటి చెప్పేవాడు. పాఠం మరిచిపోయిన పిల్లలకు కూడా కొసరు గుర్తుండిపోయేది. ఉత్తమ ఉపాధ్యాయుడి శాలువా అతని భుజం మీదికి ఎన్నడూ రాలేదు. కరీంనగర్ రోడ్డు మీద ఆటో ఆపి, “సార్, బాబర్ కొడుకు హుమాయూన్, యాదికున్నది” అని అప్పజెప్పే గడ్డాల విద్యార్థులు మాత్రం మిగిలారు. శాలువా బీరువాలో మడతపడి ఉంటుంది, ఆటో ఎండలో పనికొస్తుంది. ఆ బేరంలో తనకు నష్టం లేదని అతని అభిప్రాయం.

ఎదుటి బల్ల దగ్గర నగేష్ తన ‘ఎ’ సెక్షన్ పుస్తకాలు దొంతి పెడుతున్నాడు. పడుచువాడు, చొక్కా మడత నలగనివ్వడు. భార్య బాలింత. శామీర్‌పేటలోనే అద్దెకుంటారు. సూరారం పోవాలంటే అతను రెండు బస్సులు మారాలి. అతని పిల్లల పుస్తకాల్లో ప్రశ్న నల్లగా, జవాబు నీలంగా, అన్నిట్లో అక్షరం పొల్లుపోకుండా ఒకటే జవాబు ఉంటుంది. అతనే చెప్పి రాయిస్తాడు. అది కూడా ఒకే మిల్లు బియ్యమే అని పర్వతాలుకు తోచి నవ్వొచ్చింది. కాకపోతే అక్కడ మిల్లు సారుది కాబట్టి దాన్నెవరూ కాపీ అనరు.

మేడం తన క్లాసుకు వచ్చేలోగా చేయగల పని ఒకటుంది. ఏడో తరగతి పుస్తకాలు చక్కగా ఉన్నాయి, వాటిని పైన పెట్టి ఈదమ్మలను అడుగుకు తోసేయవచ్చు. సంత బుట్టలో పైవరస ఎప్పుడూ నిగనిగలాడేది అందుకే. కట్ట మీద చెయ్యి కూడా వేశాడు. అప్పుడు మళ్లీ నిఖిల్ పుస్తకం కంటబడింది. ఇందాక పేరు చూసి పక్కన పెట్టినదాన్ని ఈసారి చివరిదాకా చదివాడు. చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, ఇంకోసారి చదివాడు. పొట్ట కదిలేలా నవ్వాడు. నగేష్ తలెత్తి చూశాడు.

పర్వతాలు నిఖిల్ పుస్తకాన్ని అన్నిటికంటే పైన పెట్టి, కట్ట చంకన పెట్టుకుని క్లాసుకు నడిచాడు.

*

మాధవీలత మేడం వెనుక బెంచీలో, ఇద్దరు ఆడపిల్లల నడుమ కూర్చుంది. పిల్లలు కదలకుండా, చేతులు కట్టుకుని ఉన్నారు. పర్వతాలు ఏ ఉపోద్ఘాతం లేకుండా నిఖిల్ పుస్తకం తెరిచి చదవడం మొదలుపెట్టాడు.

“మా అవ్వ ఈదమ్మ టమాటలు గంపల పెట్టుకొని అల్వాల్ పోయేది. నీచు వాసన వస్తదని బస్సు ఎక్కనియ్యకపోయేటోళ్లు. అందుకని టమాటల మీద తడి గోనెసంచి కప్పి, పైన వేపాకు పరిచి, అమ్మవారి బోనాలకు తీస్కపోతున్న అని చెప్పి ఎక్కేది, కండక్టర్ దండం పెట్టి ముందు సీటు ఇచ్చేటోడు. ఒకనాడు హకీంపేట కాడ గంపలకెల్లి ఒక టమాట ఎగిరి కండక్టర్ కాలు మీద పడ్డది. అది ఇంక బతికే ఉన్నది.”

ముందు ఒక మూల ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత క్లాసంతా గొల్లుమంది. మేడం చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నిఖిల్ లేచి నిలబడ్డాడు. చెవులు అచ్చం టమాటల్లాగే ఉన్నాయి.

“టమాట గెట్ల ఎగిరిందిరా నిఖిల్?”

నిఖిల్ ఒక నిమిషం ఆలోచించాడు. “మస్తు తాజా టమాట సార్.”

“తాజాదే, నేను కాదంట లేను. ఈదమ్మ మీ అవ్వనేనా?”

నిఖిల్ బిందు వైపు చూశాడు. బిందు తనే లేచి, తప్పంతా తనదే అన్నట్టు తలొంచుకుని, “మా అవ్వ సార్” అంది.

పిల్లలు దెబ్బలకో తిట్లకో సిద్ధపడి ఉన్నారు. పర్వతాలు చాక్‌పీసు తీసుకుని బోర్డు మీద పైన ఈదమ్మ అని రాశాడు. దాని కింద బిందు అని రాశాడు.

“ఎవరు ఎవరిది చూసి రాసిన్రో నేను అడగ. అడిగినా మీరు చెప్పరు. పుస్తకాలే చెప్తయ్. ఇగ మీరే పట్టుండ్రి” అని కట్ట విప్పి పుస్తకాలు పంచేశాడు, ఎవరిది వాళ్లకు రాకుండా.

అంతవరకు దొంగల్లా కూర్చున్న పిల్లలు ఒక్కసారిగా పోలీసులైపోయారు. దీక్షిత్ పుస్తకం హర్షిత చేతికి వచ్చింది. అందులో అవ్వ బదులు తాత ఉన్నాడు, గంపలో టమాటలున్నాయి. తాత టమాటల గంప ఎత్తుకుని, కొంగు నడుముకు చెక్కుకుని బస్సెక్కాడు. టమాటలు నిఖిల్ పుస్తకంలో తప్ప ఇంకెక్కడా లేవు కాబట్టి దీక్షిత్ నిఖిల్‌ది చూసే రాశాడని హర్షిత తేల్చింది. “మరి వాళ్ల తాతకు కొంగు ఏడికెల్లొచ్చింది సార్?” అని కూడా అడిగింది. దీక్షిత్ బెంచీ కిందికి జారాడు.

తృప్తి రాసిన దాంట్లో చేపలున్నాయి, గోనెసంచి ఉంది, వేపాకు మాట లేదు. తొందరలో ఒక వరుస వదిలేసింది. దాంతో కండక్టర్ ఉత్త చేపల గంపకే దండం పెట్టి ముందు సీటు ఇచ్చేశాడు. అట్లా చేపలకు దండం పెట్టే కండక్టర్ ఇంకెవరి పుస్తకాల్లో ఉన్నాడో వెతికితే కిటికీ వైపు బెంచీలవాళ్లంతా తృప్తి వెనుక బారు తీరారు. బోర్డు మీద బిందు కింద గీతలు కొమ్మలుగా చీలుతూ పోయాయి. గొడవ పెరిగింది కానీ ఒక్కరూ పక్క ముచ్చట మాట్లాడటం లేదు.

వెనుక బెంచీనుంచి మేడం చెయ్యెత్తింది. “సార్, నా దగ్గరున్న దాంట్ల అవ్వ బోనమే ఎత్తుకొని బస్సెక్కింది. బోనంల కొర్రమీను ఉన్నది. ఇది ఎవరి కింద రాయాలె?”

అది తృప్తి కింద కాదు, హర్షిత కింద అని పిల్లలే వాదించి మేడంను ఒప్పించారు.

అన్ని పేర్లూ బోర్డెక్కాక పర్వతాలు చేతులు దులుపుకున్నాడు. “రాజుల ముచ్చట్లు రాసినోళ్లు గూడ గిట్లనే జేసిన్రు. ఒకడు రాసింది చూసి ఇంకొకడు. ఒక వరుస వదిలేసినోడు ఒకడు, సొంత తోట టమాటలు కలిపినోడు ఒకడు. మనం చదివేటప్పుడు టమాట ఎగిరిన కాడ ఆగాలె. ఆగి, ఇది ఏడికెల్లొచ్చిందని అడగాలె.” తర్వాత నిఖిల్ వైపు తిరిగి, రేపటికి ఎవరి సొంత అవ్వను వాళ్లు పుస్తకంలోకి పట్టుకురావాలని చెప్పాడు. అవ్వ లేనివాళ్లు పక్కింటి అవ్వను అడగవచ్చని కొసరు కూడా వేశాడు.

బెల్లు కొడితే పిల్లలు అయ్యో అన్నారు. సోషల్ పీరియడుకు ఆ మాట దక్కడం అరుదు.

*

మేడం వరండాలోనే తేల్చేసింది. కాపీ కొట్టిన పిల్లలతో కాపీ పాఠం చెప్పించిన మనిషిని వదులుకోనని, ఆయన ఇక్కడే ఉండాలని, సాయంత్రం నగేష్ పేరు పంపుతానని అంది. పర్వతాలు తల ఊపాడు. గుండెల మీది బస్తా దించినట్టయింది. మధ్యాహ్నం భార్య వినోద కట్టిచ్చిన అన్నం, ఆనపకాయ కూర మెతుకు మిగల్చకుండా తిన్నాడు.

నగేష్ టిఫిన్ డబ్బా మూత తీయలేదు. కిటికీ దగ్గర నిలబడి భార్యతో ఫోన్లో, బస్సుల సంగతి తర్వాత చూద్దామని, ముందు నువ్వు తిని పడుకొమ్మని చెబుతున్నాడు. ఫోన్ పెట్టేసి వచ్చి కూర్చున్నాడు. మొహంలో కక్ష లేదు, చిన్నబోవడం మాత్రం దాగలేదు. “సార్, గా బతికున్న టమాట ముచ్చట నిజమేనా?” అని అడిగాడు. పర్వతాలు పుస్తకం అతని ముందుకు జరిపాడు. నగేష్ చదివి, బల్ల మీద తల ఆనించి నవ్వాడు. తర్వాత తన దొంతిలోంచి ఒక పుస్తకం తీసి, ఆ నల్లటి ప్రశ్ననూ నీలం జవాబునూ చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు.

మధ్యాహ్నం మళ్లీ ఎనిమిది బిలో పర్వతాలు పీరియడు మొదలవుతుండగా వరండాలో గాజుల చప్పుడైంది. భోజనం బెల్లులో బిందు రోడ్డు మీదికి పరుగెత్తి అవ్వకు అంతా చెప్పింది. ఈదమ్మ మిగిలిన చేపలను పక్కామెకు అప్పగించి, ఖాళీ అల్యూమినియం తట్ట చంకన పెట్టుకుని వచ్చేసింది. సన్నగా, పొడుగ్గా, చెరువు గాలికి నల్లబడిన మనిషి. ముంజేతుల మీద అక్కడక్కడా ఎండిన పొలుసులు మెరుస్తున్నాయి. గుమ్మంలోంచే క్లాసంతా కలియజూసింది.

“ఎవలు సారూ నా మనవలు? పొద్దుగాల ఒక్క పిల్లకు అవ్వనుంటి. పగటీలికల్లా క్లాసంతకు అవ్వనైతినంట.”

పిల్లల అల్లరికి పక్క గదిలోంచి నగేష్ వచ్చాడు, అతని వెనుక ‘ఎ’ సెక్షన్ కిటికీలకు వేలాడింది. పర్వతాలు ఆమెకు కుర్చీ వేయించి, బిందు రాసింది బిందు చేతనే చదివించాడు. ఈదమ్మ మొదట గర్వంగా విన్నది. వేపాకు దగ్గరికి వచ్చేసరికి కొంగు నోట్లో కుక్కుకుంది. కొర్రమీను ఎగిరేసరికి భుజాలు కదలడం మొదలైంది.

“గది నా ముచ్చట గాదు సారూ. మా అత్తది. నా పెండ్లయ్యేటాల్లకే మా మామ లూనా బండి కొన్నడు. నేను దాని వెనుక కూసొని ఆరామ్‌గ పోయిన. లూనా మీద పోయినంటే ముచ్చటేముంటది, గీ పిల్ల ఏం రాసుకుంటది? అందుకని మా అత్తది నాదని చెప్పిన.”

క్లాసులో లేచిన అరుపుకు పైకప్పు రేకులు కదిలాయి. అవ్వ కూడా కాపీ కొట్టింది. నిఖిల్ బెంచీ ఎక్కి నిలబడ్డాడు. ఇంత ఊరట వాడికి పుట్టిన తర్వాత దొరికి ఉండదు. బిందు అవ్వ వైపు అన్యాయం జరిగినట్టు చూసింది.

పర్వతాలు మాట్లాడబోయేలోగా నగేష్ ముందుకొచ్చాడు. “మరి మీ అత్త చెప్పింది నిజమేనా అవ్వా?”

“ఏమో బిడ్డా. ఆమె గూడ జర ఉప్పు కారం ఎక్కువేసే మనిషే.”

నగేష్ బోర్డు దగ్గరికి నడిచి చాక్‌పీసు తీసుకున్నాడు. ఈదమ్మ పేరు పైన ఈదమ్మ అత్త అని రాశాడు. దాని పైన ఒక గీత గీసి, ప్రశ్నార్థకం పెట్టాడు. వెనక్కి తిరిగి, ఆ గీత పైన ఎవరుండవచ్చు, దాన్ని ఎట్లా తెలుసుకోవాలి అని రెండు సెక్షన్లనూ కలిపి అడిగాడు. కిటికీలోంచి ఒకడు ఊళ్లోని ముసలి కండక్టర్ ఎవరినైనా పట్టుకుందామన్నాడు. ఇంకొకతె ఆ కాలంలో బస్సు ఉందో లేదో ముందు చూడాలంది. నగేష్ నలగని చొక్కా చేతికి సున్నం అంటింది. అతను చూసుకోలేదు.

పర్వతాలు ఎప్పుడు వెనుక బెంచీ దాకా జరిగాడో అతనికే తెలియలేదు. కాసేపు నిలబడి విన్నాడు. తను అడగాలనుకున్న ప్రశ్నలను నగేష్ ఒకటొకటిగా అడిగేస్తున్నాడు, రెండు మూడు తనకు తోచనివి కూడా. ఈడు తక్కువ కాబట్టి గొంతు ఇంకా గట్టిగా ఉంది. వీధిలో రెండో కొట్టు తెరిస్తే మొదటివాడు ఏడవాలో నవ్వాలో ఆ రోజు వీధిని బట్టి ఉంటుంది. పర్వతాలు చాలాసేపు ఆ వీధిని చూశాడు. సోషల్ సారు లేని సూరారం బడిలో ఈ పీరియడులో పిల్లలు ఏం చేస్తూ ఉంటారో అనుకున్నాడు. మెల్లగా వరండాలోకి జారుకున్నాడు.

మేడం కాగితం రాసింది కానీ ఇంకా పంపలేదు. అతను ఎదురుగా నిలబడి, నగేష్ పేరు తీసి తన పేరు రాయమన్నాడు. ఆమె కళ్లజోడు పైనుంచి చూసింది.

“నిజంగనే అంటున్నరా సార్?”

“నాకైతే దగ్గర మేడం. ఆ పిలగానికి రెండు బస్సులు, ఇంట్ల పసిపోరడు.”

“దూరం ముచ్చటైతే నిన్ననే చెప్పేటోళ్లు గద.”

పర్వతాలు బొటనవేలి మీది సున్నం గోకాడు. “నిన్న ఈడ ఒక్క దుకాణమే ఉండె మేడం. ఇయ్యాల్టికి రెండైనయ్. ఆడ ఇంక తలుపే తియ్యలేదు.”

మేడం పెన్ను మూత తీసి ఒక పేరు కొట్టేసి ఇంకొక పేరు రాసింది. ఆ గదిలో జరిగింది అంతే.

చివరి బెల్లు తర్వాత అతను బల్ల సొరుగు ఖాళీ చేశాడు. ఎర్ర పెన్నులు, టిఫిన్ డబ్బా, వాన కోటు. ఒక చేతి సంచి నిండలేదు. పిల్లలకు చెప్పలేదు. చెబితే ఈ రోజు నవ్వు పాడవుతుంది, రేపు వాళ్లకే తెలుస్తుంది. గేటు దగ్గర నిఖిల్ స్కూటరుకు అడ్డం వచ్చి, వాళ్ల సొంత అవ్వ నిజాం రైలెక్కిందని, రేపు రాసుకొస్తానని చెప్పాడు. పర్వతాలు వాడి తల నిమిరి, “నగేష్ సారుకు చూపెట్టు. టమాటలు కలుపకు” అన్నాడు.

నగేష్ మెట్ల మీదినుంచి పరుగెత్తుకొచ్చాడు. విషయం మేడం చెప్పినట్టుంది. ఎనిమిది బి గోడకున్న తెలంగాణ పటం సారు సొంతదని, అది మరిచిపోయారని మాత్రం అనగలిగాడు.

“ఆడి పోరలు పటంల వేరే ఊరు ఎతుక్కుంటరు. అది ఈడనే ఉండనియ్” అని పర్వతాలు స్కూటరు కిక్కు కొట్టాడు. ఎండ వాలిన రోడ్డు మీద పిల్లల గుంపును హారన్‌తో చీలుస్తూ, ఇద్దరు ముగ్గురితో తిట్లు కూడా తిని, మేడ్చల్ వైపు మలుపు తిరిగిపోయాడు.

క్లాసులో చెరువు మీది గాలికి పటం గోడనుంచి లేచి మళ్లీ ఆనుతోంది. అందులో శామీర్‌పేట ఉండాల్సిన చోట, ఏటా వచ్చే పిల్లలందరూ మన ఊరు ఇదేనని వేలు పెట్టి చూపించి చూపించి, కాగితం అరిగిపోయి, వెనుక అంటించిన తెల్లగుడ్డ కనిపిస్తోంది.